అసమానుల చదరంగము

ఆర్పాద్ ఎలో ఆచార్యుఁడు కల్పించిన గణనము 1970 లో ప్రపంచ చదరంగ సమాఖ్య అంగీకారమును బడయుటతో క్రీడాకారుల తారతమ్యము అంకెల కెక్కెను. నాలుగువందల పాయింట్లు తక్కువగల ప్రత్యర్థిని ఓడించిన అగ్రశ్రేణివానికి దక్కునది పాయింటులో కొంత. డ్రా యైనచో పోవునవి నాలుగు! కావుననే బలహీనుఁడు మంత్రులను మార్చుకొని, బంట్లతో దారులు మూసి, డ్రాకై పొంచియుండును. బలవంతుఁడో, బలగమును బల్లపై నిలిపి చిక్కులు పెంచవలయును.

ఓరుగల్లున 2003 లో జన్మించి, పదునాలుగేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరైన ఎరిగైసి అర్జున్, ఇట్టి బలహీనులు ఎదురగుటచే అగ్రశ్రేణివారు జంకెడి ఓపెన్ పోటీలను విడువక, 2024 ఏప్రిలులో మెనోర్కా ఓపెన్ గెలిచి, డిసెంబరు సమాఖ్య జాబితాలో 2801 పాయింట్ల కెక్కెను. విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 దాఁటిన తొలి భారతీయుఁ డితఁడే. నా దృష్టిలో, ఆ అంకెకన్న ఆ తెగువయే ఘనము.