తరుగు లెక్కలు

అణ్వాయుధం దొంగల చేతిలో పడడం అనగానే మనకి సినిమాల్లో చూసిన సూట్‌కేసు బాంబే గుర్తొస్తుంది. ఆ భయానికి ఊపిరి పోసినవాడు అలెగ్జాండర్ లెబెద్. రష్యా భద్రతా మండలికి కార్యదర్శిగా పనిచేసిన ఈ మాజీ జనరల్, వందకి పైగా చిన్న అణుబాంబుల లెక్క తేలడం లేదని 1997లో అమెరికన్ టీవీలో చెప్పాడు. రష్యా ప్రభుత్వం కాదంది. అలా పోయిన బాంబు ఒక్కటి బయటపడిందనడానికి కూడా ఇంతవరకూ రుజువు లేదు. పైగా అణుబాంబంటే అటకమీద పడేసి మర్చిపోయే ఇత్తడి బిందె కాదు. చాలా బాంబుల్లో వాడే ట్రిటియం సుమారు 12 ఏళ్ళకి సగమైపోతుంది. ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి.

మరి అసలు ప్రమాదం ఎక్కడుంది? నన్నడిగితే ముడిసరుకులో ఉందంటాను.

మాస్కో దగ్గర పొదోల్స్క్‌లో లూచ్ అనే పరిశోధన సంస్థ ఉంది. 1992లో అక్కడి ఇంజనీరు ఒకడు, బాంబుకి పనికొచ్చేంత శుద్ధి చేసిన యురేనియాన్ని కొద్ది కొద్ది గ్రాముల చొప్పున, కొన్ని నెలల్లో కిలోన్నర దాకా ఇంటికి పట్టుకుపోయాడు. ఎవరికీ అనుమానం రాలేదు. కారణం వింటే మన కంసాలి గుర్తొస్తాడు. పనిలో మూడు శాతం దాకా తరుగు పోవచ్చని అక్కడి లెక్క. ఇతగాడు ఆ తరుగు దాటకుండా తీశాడు! చివరికి పట్టుబడింది కూడా వేరే చిల్లర దొంగతనం కేసులో ఇరుక్కున్న ఇరుగుపొరుగువాళ్ళతో కలిసి ఉండడం వల్లే. బాంబుకి సుమారు 25 కిలోలు కావాలని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క కనుక, అతని సరుకు చాలదు. కానీ ఆ దారి ఎంత తేలికో తెలిసిపోయింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత మా కంప్యూటర్ల వాళ్ళకి బాగా తెలుసు. ఫైర్‌వాల్ బయటివాణ్ణి ఆపుతుంది గానీ, పాస్‌వర్డు ఉన్నవాణ్ణి ఆపలేదు.

ఇలాంటి ప్రమాదాన్ని ముందే ఊహించి, సెనేటర్లు నన్, లూగర్ల చొరవతో 1991లోనే అమెరికా డబ్బు కేటాయించింది. 1994లో కజకస్తాన్ నుంచి సుమారు 600 కిలోల యురేనియాన్ని విమానాల్లో అమెరికాకి తరలించారు. 1996 చివరికి ఉక్రెయిన్, బెలారస్, కజకస్తాన్‌లలోని వార్‌హెడ్లన్నీ రష్యా చేరాయి. 1993 నాటి మరో ఒప్పందం ప్రకారం 500 టన్నుల రష్యన్ బాంబు యురేనియం పలచనై, 2013 దాకా అమెరికన్ రియాక్టర్లకి ఇంధనమయింది. ఆ ఏళ్ళలో ఇక్కడ మన ఇళ్ళలో వెలిగిన ప్రతి పది దీపాల్లో సుమారు ఒకటి దాని చలవే.

2014 చివరికి రష్యాలో ఈ సహకారం దాదాపు ఆగిపోయింది. వేసిన తాళాలు మిగిలాయి. అయితే తాళం ఎంత గట్టిదైనా, రోజూ తూకం వేసి రాసే మనిషీ, ఆ పుస్తకాన్ని తిరగేసి “ఈ తరుగు ఎక్కడికి పోయింది?” అని అడిగే మరో మనిషీ ఉండాలి.