యుద్ధకాలంలో సామాన్య పౌరుల డాక్యుమెంటరీ చిత్రాలు: అలెప్పో ఉదాహరణ

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
- సిరియా యుద్ధంలో సామాన్యులు కెమెరా పట్టడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
- 'ఫర్ సమా' చిత్రాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
- దృశ్య ఆధారాలకు బాహ్య, అంతర విమర్శలను అన్వయించగలుగుతారు.

1. విషయ పరిచయం

శాసనాలలోను, రాజాస్థాన రచనలలోను యుద్ధం సాధారణంగా విజేత మాటల్లోనే కనిపిస్తుంది. ముట్టడిలో చిక్కుకున్న సామాన్యులు ఏం తిని బతికారు, పిల్లలను ఎక్కడ దాచుకున్నారు అనే విషయాలు వాటిలో అరుదు. నేడు ఆ సామాన్యులే తమ జీవితాన్ని చిత్రీకరించుకుంటున్నారు. ఆ చిత్రాలను చరిత్ర విద్యార్థి ఎలా చదవాలి అన్నదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

2. నేపథ్యం

2011 మార్చిలో సిరియా అధ్యక్షుడు బషర్ అల్-అసద్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ప్రదర్శనలు మొదలయ్యాయి. ప్రభుత్వం వాటిని బలప్రయోగంతో అణచడంతో పరిస్థితి క్రమంగా అంతర్యుద్ధానికి దారితీసింది. విదేశీ విలేఖరుల ప్రవేశంపై కఠినమైన ఆంక్షలు ఉండేవి. 2012 ఫిబ్రవరిలో హోమ్స్ నగరం నుండి వార్తలు పంపుతున్న మేరీ కోల్విన్ అనే విలేఖరి ఫిరంగి దాడిలో మరణించారు. ఇటువంటి స్థితిలో, జరుగుతున్నది లోకానికి చూపే పని అక్కడి పౌరుల మీదే పడింది. హోమ్స్‌లో చిక్కుకున్న కుర్దు యువతి వియామ్ సిమావ్ బెదిర్‌ఖాన్ తీసిన దృశ్యాలను, ఇతర పౌరులు ఇంటర్నెట్‌లో ఉంచిన దృశ్యాలను కలిపి, పారిస్‌లో ప్రవాసంలో ఉన్న దర్శకుడు ఒసామా మొహమ్మద్ 2014లో 'సిల్వర్డ్ వాటర్' చిత్రాన్ని రూపొందించారు.

3. 'ఫర్ సమా'

వాద్ అల్-కతీబ్ అలెప్పో విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో ప్రదర్శనలను ఫోనుతో తీయడం ప్రారంభించారు. నగరం రెండుగా చీలిన తరువాత ఆమె తిరుగుబాటుదారుల అధీనంలోని తూర్పు భాగంలో ఉండిపోయారు. అక్కడే హంజా అనే వైద్యుని వివాహం చేసుకున్నారు. 2016 జనవరి 1న వారికి కుమార్తె పుట్టింది. ఆమెకు సమా అని పేరు పెట్టారు. అరబ్బీలో ఆ మాటకు ఆకాశం అని అర్థం. బాంబులు కురిసేది కూడా ఆకాశం నుండే.

2016 ఏప్రిల్‌లో హంజా నడిపిన అల్-ఖుద్స్ ఆసుపత్రిపై వైమానిక దాడి జరిగి 50 మందికి పైగా మరణించారు. జూలై నుండి తూర్పు అలెప్పో పూర్తిగా ముట్టడిలో చిక్కుకుంది. డిసెంబరులో ప్రజలను ఖాళీ చేయించినప్పుడు వాద్ తన దృశ్యాలన్నింటినీ వెంట తెచ్చుకున్నారు. వాటి నిడివి దాదాపు 500 గంటలు. ఎడ్వర్డ్ వాట్స్‌తో కలిసి ఆమె వాటి నుండి గంటన్నరకు పైగా సాగే చిత్రాన్ని రూపొందించారు. అది 2019లో విడుదలైంది.

ఇందులో ఒక సన్నివేశం గమనించదగింది. గాయపడిన నిండు గర్భిణికి శస్త్రచికిత్స చేసి బిడ్డను బయటకు తీస్తారు. బిడ్డలో చలనం ఉండదు. వైద్యులు వీపు రుద్దుతారు, తలక్రిందులుగా పట్టి తడతారు. చాలాసేపటికి బిడ్డ ఏడుస్తాడు. మృతుల సంఖ్య మాత్రమే చెప్పే నివేదికలో ఈ ఎదురుచూపు ఉండదు. బయటి నుండి వచ్చి వెళ్ళే విలేఖరికి దొరకని కాలవ్యవధి, సాన్నిహిత్యం ఇటువంటి చిత్రాలకు ఉన్న ప్రత్యేక విలువ.

4. ఆధార విమర్శ

మనసును కదిలించినంత మాత్రాన ఏ చిత్రమూ సంపూర్ణ ఆధారం కాదు. బాహ్య విమర్శలో దృశ్యం ఎక్కడిది, ఎప్పటిది అని తేల్చాలి. కనిపించే మినార్లు, వీధులు, నీడలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చడం ఇందుకు ఒక పద్ధతి.

అంతర విమర్శలో తీసినవారి దృక్పథాన్ని పరిశీలించాలి. వాద్ తటస్థ పరిశీలకురాలు కారు. ఆమె ఉద్యమంలో భాగస్వామి. తూర్పు భాగంలోని సాయుధ ముఠాలు చిత్రంలో చాలా తక్కువగా కనిపిస్తాయి. ఆ ముఠాల ఫిరంగి గుండ్లకు పశ్చిమ అలెప్పోలోనూ పౌరులు మరణించారు. వారి కథ ఇందులో లేదు. పైగా 500 గంటల దృశ్యాలు, వాటి నుండి కూర్చిన చిత్రం ఒకటి కావు. కూతురితో చెబుతున్నట్లు సాగే వ్యాఖ్యానం తరువాత చేర్చింది. సంఘటనల క్రమం కూడా ముందువెనుకలుగా ఉంటుంది. దీనివల్ల చిత్రం అబద్ధమైపోదు. అది ఒక తల్లి సాక్ష్యం. సాక్ష్యాన్ని సాక్ష్యంగానే తీసుకుని, ఇతర ఆధారాలతో సరిపోల్చాలి.

5. దృశ్యాల పరిరక్షణ

తాళపత్రాలకు చెదపురుగుల భయం ఉన్నట్లే ఈ ఆధారాలకూ ముప్పు ఉంది. 2017లో యూట్యూబ్ హింసాత్మక, తీవ్రవాద దృశ్యాలను యంత్రాల సాయంతో గుర్తించి తొలగించే పద్ధతిని అమలు చేసినప్పుడు సిరియా పౌరులు ఉంచిన దృశ్యాలు పెద్దసంఖ్యలో మాయమయ్యాయి. కొన్నింటిని తరువాత పునరుద్ధరించారు. 2014లో ఏర్పడిన సిరియన్ ఆర్కైవ్ వంటి సంస్థలు ఇటువంటి దృశ్యాలను సేకరించి, సరిచూసి, భద్రపరుస్తున్నాయి. ప్రాణాలకు తెగించి తీసిన దృశ్యం పోతే, ఆ రోజు గురించి అధికారం చెప్పిన మాటే మిగిలే ప్రమాదం ఉంది.

సారాంశం

సామాన్యుల చిత్రాలు యుద్ధాన్ని లోపలి నుండి చూపుతాయి. అదే వాటి బలం, అదే వాటి పరిమితి. చరిత్రకారుడు వాటిని గౌరవించాలి, ప్రశ్నించాలి, కాపాడాలి.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. సిరియాలో సామాన్య పౌరులు చిత్రీకరణకు పూనుకోవడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. 'ఫర్ సమా' చిత్రం చారిత్రక ఆధారంగా ఎంతవరకు ఉపయోగపడుతుందో చర్చించండి.
3. మీ కుటుంబంలో ఎవరైనా ఫోనుతో తీసిన ఒక వీడియోను తీసుకుని, దానికి బాహ్య, అంతర విమర్శలను అన్వయించండి.