పాత తుపాకి చెప్పు సాక్ష్యము

గ్రామమున పొలము తగవు వచ్చినపుడు మీరు ముందుగా అడుగునది దస్తావేజు. అది చేతికి వచ్చిన పిదప అందలి వ్రాతను మాత్రమే చూచి విడువరు. కాగితము ఏనాటిది, ముద్ర యెవరిది, కొట్టివేత యున్నచో దాని ప్రక్క చేవ్రాలు గలదా యని విచారింతురు. సైనికులు వాడిన పాత తుపాకియు నట్టి దస్తావేజే. దానిని చదువు విధమును, నాకెదురైన యొక సంగతిని ఆధారముగా జేసికొని, నేడు మీకు మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చిన్న పట్టణమునందలి వస్తుప్రదర్శనశాలవారు నన్ను పిలిపించిరి. అచ్చట గోడకు ఒక తుపాకి వ్రేలాడుచుండెను. దాని క్రింది చీటీలో, మొదటి ప్రపంచయుద్ధమున మెసపొటేమియాలో మన ప్రాంతపు సిపాయి యొకడు వాడిన తుపాకి యిది యని వ్రాసియుండెను. ఆ సిపాయి మనుమడు, డెబ్బదియేండ్లు దాటిన రైతు, ఏటేట దసరాకు వచ్చి దానికి నమస్కరించి పోవుచుండెనట. తుపాకి స్థితిగతులను, పూర్వచరిత్రను నిర్ణయించుట నాకు ఒప్పగించిన పని.

ముందుగా ఆ తుపాకి జాతిని గూర్చి రెండు మాటలు. దానిని లీ ఎన్‌ఫీల్డు అందురు. లీ యనునది స్కాట్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన జేమ్సు పారిస్ లీ పేరు; ఎన్‌ఫీల్డు లండను సమీపమున ప్రభుత్వపు తుపాకుల కర్మాగారమున్న యూరు. మన పోలీసు ఠాణాలలో చిరకాలము కనబడిన త్రీనాట్‌త్రీ యిదియే. గొట్టపు రంధ్రము అంగుళములో వెయ్యింట 303 వంతులు గనుక ఆ పేరు వచ్చినది. తూటాల పెట్టెలో పది తూటాలు పట్టును. గొట్టము లోపల మెలిక తిరిగిన చాళ్లు సాధారణముగా అయిదుండును. గుండు ఆ చాళ్లవెంట గిరగిర తిరుగుచు వెడలుటచేతనే గురి తప్పక పోవును.

ఇందొక చరిత్ర యిమిడియున్నది. 1857 తిరుగుబాటు పిమ్మట ఆంగ్లప్రభుత్వము భారతీయ సిపాయిలకు, తెల్లదళముల కిచ్చిన వానికంటె ఒక తరము వెనుకటి యాయుధములనే యిచ్చుచు వచ్చెను. తెల్లవారికి మార్టినీ హెన్రీ వచ్చినపుడు మనవారికి స్నైడరు. వారికి లీ మెట్‌ఫర్డు వచ్చిన పిదప మనవారికి మార్టినీ. ఎవరి భుజమున ఏ తుపాకి యుండెనో చూచిన, ఏలినవారు ఎవరిని ఎంత నమ్మిరో తెలియును. తుదకు కలకత్తాకు ఉత్తరమున, హుగ్లీ తీరమందలి ఇషాపూరులో ఈ లీ ఎన్‌ఫీల్డులనే మన పనివారు తయారుచేయసాగిరి.

ఇక నా పరీక్ష. తుపాకి యెంత పాతదైనను, నిండియున్నదనియే తలచి పట్టుకొనవలెను. బోల్టు తెరచి, తూటాల పెట్టె విడదీసి, గొట్టము మొదట ఏమియు లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొంటిని. పిదప బోల్టు పిడి క్రింద, కొయ్యకు ముందున్న ఇనుప పట్టీమీద చూచితిని. కిరీటము, దాని క్రింద జి.ఆర్.ఐ. యను అక్షరములు, ఇషాపూరు పేరు, 1942 అను సంవత్సరము స్పష్టముగా నుండెను. జి.ఆర్.ఐ. యనగా చక్రవర్తియైన జార్జిరాజు. 1950లో మనది గణతంత్రమైన పిమ్మట చేసిన వానిపై కిరీటమునకు బదులు అశోకుని సింహములు గానవచ్చును.

మెసపొటేమియా యుద్ధము 1918లో ముగిసినది. ఈ తుపాకి యప్పటికి పుట్టనేలేదు!

అయినను పరీక్ష మానలేదు. ఈ జాతి తుపాకికి ఒకే సంఖ్యను గొట్టముపై, బోల్టుపై, మూతికడనున్న ఇనుప తొడుగుపై వేయుదురు. దీని తొడుగుపై పాత సంఖ్యను గీతతో కొట్టి క్రొత్తది వేసియుండెను. అది దోషము కాదు. మరమ్మతుచేసిన పనివాడు ఒప్పుకొని పెట్టిన చేవ్రాలు. బోల్టుపై మాత్రము కొట్టివేత లేకయే వేఱు సంఖ్య యుండెను. ఒకదాని బోల్టు మరియొకదానికి తగులుకొన్నదన్నమాట. బోల్టు సరిగా కుదురనిచో తూటా వెనుక సందు పెరిగి, పేల్చినపుడు తూటా చిట్లి పేల్చువానికే ముప్పు కలుగవచ్చును. గొట్టములో నల్లని గుంటలుండెను. వెనుకటి తూటాల రంజకమందలి లవణము తేమను పీల్చి ఇనుమును తినివేయును. అందుచేతనే నాటి సిపాయిలు కాల్పులైన వెంటనే వేడినీళ్లు పోసి కడిగెడివారు. మూతియొద్ద ఒకప్రక్క అరుగుదల గుండు వలన గాక, శుభ్రపరచు త్రాడు ఒరసికొనుట వలన గలిగినది.

అన్నిటికంటె నాకు బాధ కలిగించినది కొయ్య. మేలు చేయుదమని తలచి యెవరో దానిని గరుకుకాగితముతో రుద్ది వార్నీషు పూసిరి. కొయ్యపై నుండదగిన ముద్రలన్నియు నట్లు పోయినవి. పాతవస్తువును మెరిపించుట దస్తావేజును ఉతుకుటయే.

మనుమడు ప్రక్కనే నిలిచియుండెను. సంగతి విని చాలసేపు మాటాడలేదు. తుదకు, "అయితే మా తాతగారు అబద్ధమాడినారా అండీ?" అని యడిగెను.

"ఈ తుపాకి నాదని ఆయన ఎన్నడైన చెప్పినారా?" అని నేనడిగితిని.

ఆయన తలవంచి యాలోచించెను. "లేదండీ. తుపాకి మాటే ఎత్తేవారు కాదు. యుద్ధానికి వెళ్లి వచ్చినానని మాత్రం అనేవారు. ఈ చీటీ చూచిన తరువాత మేమే అనుకొన్నాము."

మరునాడు ఆయన చిన్న చెక్కపెట్టెతో వచ్చెను. అందు రెండు పతకములు గలవు. ఆ యుద్ధపు పతకముల అంచున సిపాయి సంఖ్య, పేరు, దళము చెక్కుట ఆచారము. కంచుపతకమును ఇంటివారు ఏటేట ఆయుధపూజకు చింతపండుతో తోమగా అంచు నున్ననై, రెండక్షరములు మాత్రమే మిగిలెను. వెండిది పెట్టె యడుగున నల్లబడి, ఎవరికంటను బడక యుండెను. దానిని తోమక, దీపపు వెలుగున అడ్డముగా పట్టి చూచితిని. మదరాసు శాపర్లు, మైనర్ల దళము పేరు, సంఖ్య, వాని వెంట వారి తాతగారి పేరు పూర్తిగా కనబడెను. నేను చదువుచుండగా ఆయన కన్నులు చెమర్చినవి.

ప్రదర్శనశాలవారు చీటీ మార్చిరి. తుపాకి క్రింద ఇషాపూరు, 1942 అని వ్రాసిరి. పతకమును వేఱుగా నుంచి సిపాయి పేరు వ్రాసిరి. మెసపొటేమియాకు పోయెనను కాగితము దొరకలేదు గనుక, అది కుటుంబమువారు చెప్పిన మాట యని వ్రాయించితిమి. ఆ రైతు నేటికిని దసరాకు వచ్చుచున్నాడట. ఇప్పుడు నమస్కరించునది పతకమునకు.

పెద్దలారా, మీ యిండ్లలో పతకములు, డిశ్చార్జి కాగితములు, పాత జాబులు ఉండవచ్చును. వానిని తోమకుడు, రుద్దకుడు, రంగు పూయకుడు. పొడిగుడ్డలో చుట్టి, ఎవరివో, ఎవరిచ్చిరో చీటీ వ్రాసి పెట్టుడు. తుపాకి యే యున్నచో, 1959 ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక యుంచుకొనుట నేరము. పోలీసువారికి తెలిపి అప్పగించుడు. మన పెద్దల గౌరవమునకు కల్పన అక్కరలేదు. వారి పేరు ఎచ్చటనో యొక అంచున నిజముగా చెక్కియున్నది. దానిని మనము చెరిపివేయకున్న చాలును.