షుగరూ, చూపూ: నూట డెబ్బై ఏళ్ళ కథ

షుగర్ జబ్బు గురించి మన ఇళ్ళల్లో జరిగినంత చర్చ రాజకీయాల గురించి కూడా జరగదేమో. కాకరకాయ రసం పరగడుపునే తాగాలా, మెంతులు నానబెట్టాలా పొడి కొట్టాలా, తెల్లన్నం మానేసి కొర్రలు తినాలా - ప్రతి ఒక్కరికీ ఓ అభిప్రాయం ఉంటుంది. అదే వాళ్ళని "కంటి వెనక తెర పరీక్ష ఎప్పుడు చేయించారు?" అని అడిగి చూడండి. "నాకు బాగానే కనిపిస్తోందిగా!" అంటారు.

నేను డాక్టర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కానీ ఈ జబ్బు చరిత్ర చదువుతుంటే ఆ ఒక్క మాటే ఎన్ని కళ్ళు తీసిందో అర్థమయింది. అందుకే ఈ టపా.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. కంటి లోపల వెనకవైపు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. కెమెరాలో ఫిల్ములాంటిదన్నమాట. దానికి ఆక్సిజన్ బాగా కావాలి, అది వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాల ద్వారా అందుతుంది. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు బలహీనపడి చిన్న చిన్న బుడగల్లా ఉబ్బుతాయి, కారతాయి. కారిన ద్రవం చూపుకి కేంద్రమైన మాక్యులాలో చేరితే అక్షరాలు మసకబారతాయి. కొన్ని నాళాలు పూర్తిగా మూసుకుపోతాయి. అప్పుడు ఆక్సిజన్ అందని రెటీనా కొత్త నాళాలు మొలిపించుకుంటుంది. అవి ఎందుకూ పనికిరాని నాసిరకం నాళాలు. పుటుక్కున తెగి కంట్లో రక్తం నింపుతాయి, లేదా మచ్చకట్టి రెటీనానే లాగి ఊడదీస్తాయి. ఇదంతా చాలా దూరం వెళ్ళేదాకా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా తగ్గకపోవచ్చు. మా భాషలో చెప్పాలంటే ఎర్రర్ మెసేజ్ ఇవ్వకుండా డిస్క్ పాడవడం లాంటిది.

ఇక కథలోకి వద్దాం. బతికున్న మనిషి కంటి లోపలికి చూడటం 1851 దాకా ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ ఏడాది జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ తను కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోపు గురించి ప్రకటించాడు. నాలుగైదేళ్ళకే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ షుగర్ రోగి మాక్యులాలో తేడాలు చూసి రాశాడు. ఎవరూ వెంటనే ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో కంటి వైద్యంలో అందరికన్నా పెద్ద పేరున్న గ్రేఫే, దీనికీ షుగర్‌కీ సంబంధం ఉందనడానికి రుజువేదీ అన్నాడు. 1872లో లండన్‌లో నెటిల్‌షిప్, 1876లో జర్మనీలో మాంజ్ మరిన్ని ఆధారాలు చూపించారు. అయినా వాదన చాలా ఏళ్ళు నడిచింది.

దానికో కారణముంది. చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్ళు కళ్ళు పాడయ్యేంత కాలం బతికేవాళ్ళే కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. చావు తప్పింది. కానీ పదిహేను, ఇరవై ఏళ్ళు గడిచేసరికి అలా బతికినవాళ్ళ చూపు పోవడం మొదలైంది. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు అనే సామెత ఇంత అక్షరాలా నిజమవడం నేనింకెక్కడా చూడలేదు.

1950లకి డాక్టర్లు ఎంత నిస్సహాయంగా ఉన్నారో ఈ ఒక్క ఉదాహరణ చాలు. 1953లో డెన్మార్క్‌కి చెందిన పౌల్సెన్ ఒక కేసు ప్రచురించాడు. ఒక షుగర్ రోగికి కాన్పు తర్వాత మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి చచ్చుబడింది, ఆవిడ రెటీనా బాగుపడింది. అంతే, కొన్ని దేశాల్లో చూపు కాపాడటానికి పుర్రె తెరిచి ఆ గ్రంథిని తీసెయ్యడం మొదలుపెట్టారు! కొందరికి కళ్ళు నిలబడ్డాయి, నిజమే. కానీ కొందరు ఆపరేషన్‌లోనే పోయేవాళ్ళు. మిగిలినవాళ్ళు జీవితాంతం హార్మోన్ల మందుల మీద బతకాలి. ఇంకో దారి లేకపోబట్టి జనం దానికీ ఒప్పుకున్నారు.

ఆ ఇంకో దారి సూర్యగ్రహణం నుంచి వచ్చింది. గ్రహణాన్ని నేరుగా చూడొద్దని మన అమ్మమ్మలు ఊరికే చెప్పలేదు. 1945 జులై 9న గ్రహణం చూసి రెటీనా కాల్చుకున్న ఒక మెడికల్ విద్యార్థిని గెర్డ్ మేయర్-ష్వికెరాత్ అనే జర్మన్ డాక్టర్ పరీక్షించాడు. చక్కగా గుండ్రంగా ఉన్న ఆ మచ్చని చూసి ఆయనకొచ్చిన ఆలోచన - వెలుతురు రెటీనాని కాల్చగలిగితే, మనకి కావలసిన చోట కావలసినంతే కాల్చవచ్చు కదా? ముందు అద్దాలతో సూర్యకాంతినే కంట్లోకి పంపాడు. మబ్బు పడితే వైద్యం బందు! తర్వాత కార్బన్ ఆర్క్ దీపం, ఆ తర్వాత జైస్ కంపెనీతో కలిసి జెనాన్ దీపం. 1960లో మేమన్ మొదటి లేజర్ చేశాడు. 1968లో ఆర్గాన్ లేజర్ కంటి వైద్యంలోకి వచ్చింది.

కానీ ఇది నిజంగా పనిచేస్తోందా? ఎవరి అనుభవం వాళ్ళు చెప్పేవాళ్ళు. తేల్చడానికి అమెరికాలో 1970ల మొదట్లో ఒక పరీక్ష పెట్టారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. 15 ఆసుపత్రులు, 1,700 మందికి పైగా రోగులు. ప్రతివాళ్ళకీ లాటరీ వేసి ఒక కంటికే ఈ కాంతి వైద్యం (జెనాన్ దీపంతో గానీ ఆర్గాన్ లేజర్‌తో గానీ) చేశారు, రెండో కన్ను అలాగే వదిలేశారు. అదే మనిషి, అదే రక్తం, అదే తిండి. ఇంతకన్నా నిజాయితీ అయిన పోలిక ఇంకేముంటుంది? రెండేళ్ళకి వైద్యం చేయని కళ్ళల్లో 16.3 శాతం తీవ్రంగా చూపు కోల్పోతే, చేసిన కళ్ళల్లో 6.4 శాతమే. 1976లో ఆ ఫలితం బయటపెట్టి, అవసరమైనవాళ్ళకి రెండో కంటికి కూడా ఈ వైద్యం చెయ్యొచ్చని నిబంధన మార్చారు. 1985లో, మాక్యులా వాపుకి చేసే లేజర్ వల్ల కూడా చూపు తగ్గే ప్రమాదం దాదాపు సగమవుతుందని మరో పెద్ద పరీక్ష తేల్చింది.

ఇక్కడ ఒక అపోహ. "లేజర్ చేయించుకున్నాకే మా బాబాయికి చూపు పోయింది" అని వింటుంటాం. లేజర్ పోయిన చూపుని తేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. రెటీనా అంచుల్ని వెయ్యికి పైగా చుక్కలుగా కాల్చి ఆక్సిజన్ అవసరాన్ని తగ్గిస్తారు, మధ్యభాగం మిగులుతుంది. రాత్రి చూపూ, పక్క చూపూ కొంత తగ్గొచ్చు. కొమ్మలు నరికి చెట్టుని బతికించడం లాంటిది. అప్పటికే రక్తం నిండిన కంటికి చేసేది వేరే ఆపరేషన్, విట్రెక్టమీ. 1970లో మయామీలో రాబర్ట్ మాహెమర్ దానికి దారి చూపించాడు.

ఆ నాసిరకం నాళాల్ని మొలిపించేదేమిటి? ఆక్సిజన్ అందని రెటీనా ఏదో రసాయనాన్ని వదులుతోందని 1948లోనే మైకేల్సన్ ఊహించాడు. 1989లో అమెరికాలో ఫెరారా బృందం వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ని గుర్తించింది. షుగర్ రోగుల కంటి ద్రవంలో అది ఎక్కువగా ఉందని 1994లో చూపించారు. దాన్ని అడ్డుకునే అవాస్టిన్‌కి 2004లో పేగు క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. 2005లో కంటి డాక్టర్లు దాన్ని చాలా కొద్ది మోతాదులో కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. ఒక క్యాన్సర్ సీసాలోంచి ఎన్నో కళ్ళకి సరిపడే మందు వస్తుంది కాబట్టి చవక. కంటి కోసమే చేసిన రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ ఖరీదు. 2015లో ఈ మూడింటినీ పోల్చిన అమెరికా పరీక్షలో, చూపు కొద్దిగానే తగ్గినవాళ్ళకి మూడూ ఇంచుమించు సమానం అని తేలింది. బాగా తగ్గినవాళ్ళకి మొదటి ఏడాదిలో అఫ్లిబెర్సెప్ట్ మెరుగు. అదే ఏడాది మన దేశంలో ఇంటాస్ కంపెనీ రానిబిజుమాబ్‌కి తక్కువ ధర రూపం తెచ్చింది. లేజర్‌లా కాకుండా ఈ సూదులతో తగ్గిన చూపు కొంత వెనక్కి రావచ్చు. కానీ ఒక్కసారితో అయిపోదు, మొదట్లో నెలనెలా వెళ్ళాలి. మధ్యలో మానేస్తే మళ్ళీ మొదటికే.

అన్నట్టు, మూలాన్ని మరిచిపోకూడదు. 1993లో వెలువడిన డీసీసీటీ పరీక్షలో, టైప్ 1 రోగులు చక్కెరని గట్టిగా అదుపులో పెడితే రెటీనా జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. బీపీని అదుపులో ఉంచడం కూడా టైప్ 2 వాళ్ళ కళ్ళని కాపాడుతుందని 1998లో బ్రిటన్ పరీక్ష చెప్పింది.

మరి వీటన్నిటిలో ఏది ఎక్కువ కళ్ళు కాపాడింది? నా ఓటు మాత్రం ఒక విసుగు పుట్టించే పనికి. ఇంగ్లండ్‌లో 2003 నుంచి షుగర్ ఉన్నవాళ్ళని ఉత్తరం రాసి పిలిచి, ఏటేటా రెటీనా ఫొటో తీసే పథకం మొదలుపెట్టారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువాళ్ళ అంధత్వానికి కనీసం యాభై ఏళ్ళుగా మొదటి కారణమైన ఈ జబ్బు, 2009-10 లెక్కల్లో ఆ స్థానం నుంచి దిగిపోయింది. అందులో ఈ ఫొటోల పాత్ర ఉందని ఆ లెక్కలు తీసినవాళ్ళే అభిప్రాయపడ్డారు.

మన సంగతి? 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం 2021 నాటికి దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్. నలభై దాటిన షుగర్ రోగుల్లో నూటికి పన్నెండు మందికి పైగా రెటీనా దెబ్బతిందని, నలుగురికి చూపు పోయే దశ ఉందని 2022లో మరో అధ్యయనం అంచనా. అంతమందిని చూడటానికి రెటీనా డాక్టర్లు చాలరు. మా వాళ్ళు వెంటనే "ఏఐ ఉందిగా!" అంటారు. నిజమే, 2016లో గూగుల్ చేసిన ప్రోగ్రాం డాక్టర్లకి దీటుగా ఫొటోలు చదివింది. అందులో అరవింద్, శంకర నేత్రాలయ లాంటి మన ఆసుపత్రుల ఫొటోలూ ఉన్నాయి. తీరా దాన్ని థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో వాడి చూస్తే, ఫొటో నాణ్యత చాల్లేదని ఐదో వంతుకి పైగా తిప్పికొట్టింది. పైగా నెట్ నెమ్మది. ల్యాబ్‌లో నడిచిన ప్రోగ్రాం ఊళ్ళో ఎందుకు ఆగిపోతుందో మనకి కొత్తగా చెప్పాలా? ఎల్వీ ప్రసాద్ వాళ్ళు పల్లెల్లో నడిపే విజన్ సెంటర్ల లాంటివి, అక్కడ స్థానికంగా శిక్షణ పొందిన మనిషి - ఇవి ఉంటేనే ఏ ప్రోగ్రామైనా పనికొస్తుంది.

ప్రభుత్వం మనకి ఉత్తరం రాసి పిలిచే రోజు ఎప్పుడొస్తుందో గానీ, అందాకా ఆ పని ఇంట్లోవాళ్ళే చెయ్యాలి. టైప్ 2 షుగర్ అయితే బయటపడిన వెంటనే, ఆపైన ఏటా ఒకసారి. టైప్ 1 అయితే ఐదేళ్ళలోపు, తర్వాత ఏటా. షుగర్ ఉన్న ఆడవాళ్ళు గర్భం దాల్చితే మొదటి నెలల్లోనే. కళ్ళజోడు షాపులో నంబర్ చూపించుకోవడం ఈ పరీక్ష కాదు. చుక్కలు వేసి, కంటిపాపని పెద్దది చేసి వెనక తెరని చూడాలి, లేదా దాని ఫొటో తియ్యాలి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, తోడు ఎవరైనా వెళ్తే సరి.

ఒకప్పుడు చూపు కోసం పుర్రె తెరిపించుకున్నారు జనం. మనకి అడుగుతున్నది ఏడాదికి ఒక పూట. "బాగానే కనిపిస్తోందిగా" అన్నవాళ్ళకి నా జవాబు ఒకటే: అందుకే ఇప్పుడే వెళ్ళండి.