పాఠం 9 : అడుగు గుడ్డ లేని లేసు – చేతి సూది నుంచి ఎంబ్రాయిడరీ యంత్రం దాకా

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– అడుగు గుడ్డ లేకుండా నిలిచే లేసు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
– చేతి లేసు నుంచి యంత్ర లేసుకు జరిగిన మార్పులోని దశలను గుర్తించగలుగుతారు.
– ఒక లేసు ముక్కను చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

ఎంబ్రాయిడరీ అనగానే మనకు గుడ్డ మీద కుట్టిన పువ్వు గుర్తుకొస్తుంది. గుడ్డ తీసేస్తే ఆ పువ్వు నిలవదు. అయితే గుడ్డ లేకుండా, దారం ఒక్కటే రూపంగా నిలిచే కుట్టు కూడా ఉంది. చెవి కమ్మలుగా, పండుగ తోరణాలుగా, జాకెట్టు చేతుల అంచులుగా ఇలాంటి లేసును నేడు మీరు దుకాణాలలో చూస్తూనే ఉంటారు. ఇంట్లో పెట్టుకునే చిన్న ఎంబ్రాయిడరీ యంత్రంతో కూడా దీనిని తయారు చేస్తున్నారు.

చరిత్ర విద్యార్థికి ఈ లేసుతో పనేమిటని మీరు అడగవచ్చు. రాజుల శాసనాలకు, కంపెనీ లెక్కల పుస్తకాలకు చరిత్రలో చోటుంది. లేసు అల్లిన స్త్రీల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా నమోదు కాలేదు. వారి పనికి మిగిలిన సాక్ష్యం వారు అల్లిన వస్తువే. ఆ వస్తువును చదవడం రావాలంటే అది ఎలా తయారవుతుందో తెలిసి ఉండాలి.

9.2 గాలిలో కుట్టు

16వ శతాబ్దంలో ఇటలీలోని వెనిస్‌లో ఒక కొత్త పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. అంతకుముందు నార గుడ్డలో కొన్ని దారాలను లాగివేసి, మిగిలిన దారాల చుట్టూ కుట్టు వేసేవారు. ఈ పనిలో గుడ్డ క్రమంగా తగ్గుతూ వచ్చింది. చివరకు గుడ్డే అవసరం లేని స్థితికి చేరుకున్నారు. దానికి వారు ‘పుంతో ఇన్ ఆరియా’ అని పేరు పెట్టారు. ‘గాలిలో కుట్టు’ అని దాని అర్థం.

నిజానికి అది గాలిలో కుట్టింది కాదు. ముందుగా తోలు కాగితం మీద నమూనా గీసి, దాని కింద రెండు పొరల గుడ్డ పెట్టేవారు. గీతల వెంట దారం పరిచి, సన్నని టాకాలతో దానిని నిలిపేవారు. ఆ దారాన్ని ఆసరా చేసుకుని సూదితో కాజా కుట్టు వంటి ముళ్ళు వరుసగా వేస్తూ పోయేవారు. పని పూర్తయ్యాక రెండు గుడ్డ పొరల మధ్య కత్తి పోనిచ్చి టాకాలను తెంపేవారు. అప్పుడు లేసు విడిగా చేతికి వచ్చేది.

ఇక్కడ ఒక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. ఈ లేసుకు ఆధారం అక్కర్లేదనడం సరికాదు. ఆధారం చివరి వరకు ఉంటుంది, చివర్లో తొలగిపోతుంది. అది తొలగేలోగా దారాలు ఒకదానినొకటి పట్టుకుని ఉండాలి. తరువాత వచ్చిన యంత్ర ఎంబ్రాయిడరీ లేసు పద్ధతులు ఈ సూత్రాన్నే అనుసరించాయి.

వెనిస్ లేసుకు ఐరోపా రాజాస్థానాలలో గొప్ప గిరాకీ ఉండేది. ఫ్రాన్సు నుంచి దీనికోసం సొమ్ము తరలిపోవడాన్ని ఆపాలని 14వ లూయీ మంత్రి కోల్బెర్ 1665లో స్వదేశంలోనే లేసు తయారీని ప్రోత్సహించాడు. వెనిస్ పనివారిని కూడా రప్పించుకున్నారు. ఒక సన్నని అంచు కోసం ప్రభుత్వాలు పోటీ పడ్డాయంటే, ఆ పనిలోని నైపుణ్యం విలువ ఎంతో మీరు ఊహించవచ్చు.

9.3 యంత్రం రాక

ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ 1808–09 ప్రాంతంలో వల లాంటి గుడ్డను అల్లే యంత్రానికి పేటెంటు పొందాడు. 1816లో లఫ్‌బరోలోని అతని కర్మాగారంపై లడ్డైట్లు దాడి చేసి యంత్రాలను ధ్వంసం చేశారు. హీత్‌కోట్ ఆ ఊరు విడిచి డెవన్ ప్రాంతంలోని టివర్టన్‌కు మారాడు. యంత్రం రాక అందరికీ శుభవార్త కాదని ఈ సంఘటన చెబుతున్నది.

వల నేసే యంత్రం ఒక దారి అయితే, కుట్టే యంత్రం మరో దారి. ములూజ్ పట్టణానికి చెందిన జాషువా హైల్మన్ 1828–29 ప్రాంతంలో ఎంబ్రాయిడరీ యంత్రాన్ని రూపొందించాడు. దానిలో వందల సూదులు ఒకేసారి కదులుతాయి. పనివాడు ఒక చేత్తో పెద్దగా గీసిన నమూనా మీద ములికిని కదుపుతుంటే, గుడ్డ బిగించిన చట్రం అదే ఆకారంలో చిన్నగా కదిలేది. అయితే ప్రతి సూదికి పొట్టి దారమే పట్టేది. అది అయిపోగానే మళ్ళీ ఎక్కించాలి. తూర్పు స్విట్జర్లాండు ఇళ్ళలో ఆ పని ఎక్కువగా స్త్రీలు, పిల్లలు చేసేవారు.

1863లో స్విట్జర్లాండుకు చెందిన ఇసాక్ గ్రోబ్లి ఈ చిక్కును తొలగించాడు. కుట్టు మిషనులో వలె పై దారం, కింది దారం రెండూ తెగకుండా నడిచే యంత్రాన్ని తయారు చేశాడు. కింది దారాన్ని మోసే నాడె చిన్న పడవ ఆకారంలో ఉండేది. అందువల్ల ఆ యంత్రానికి ‘షిఫ్లీ’, అంటే చిన్న పడవ, అనే పేరు వచ్చింది. 1898లో అతని కుమారుడు చిల్లుల అట్టలతో నడిచే స్వయంచాలక యంత్రాన్ని రూపొందించాడు.

ఇక మిగిలింది గుడ్డను తొలగించడం. 1880 దశకంలో స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్, జర్మనీలోని ప్లావెన్ ప్రాంతాలలో దీనికి రసాయన మార్గం కనుగొన్నారు. పట్టు జంతువు నుంచి వచ్చే నార, పత్తి మొక్క నుంచి వచ్చే నార. గాఢమైన క్షారంలో పట్టు కరిగిపోతుంది, పత్తి నిలుస్తుంది. కాబట్టి పట్టు గుడ్డ మీద నూలు దారంతో యంత్రంపై కుట్టి, ఆ గుడ్డను క్షారంలో ముంచారు. గుడ్డ కరిగిపోయి లేసు మిగిలింది. వెనిస్‌లో కత్తి చేసిన పనిని ఇక్కడ రసాయనం చేసింది. దీనికే రసాయన లేసు అని పేరు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ప్లావెన్ లేసు ‘గ్రాండ్ ప్రి’ బహుమతి పొందింది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు స్విట్జర్లాండు ఎగుమతులలో ఎంబ్రాయిడరీ అగ్రస్థానంలో ఉండేది. యుద్ధం తరువాత ఫ్యాషన్ మారింది, గిరాకీ పడిపోయింది. 1920 దశకంలో అనేక యంత్రాలను తుక్కు చేయవలసి వచ్చింది. చేతి పనిని దెబ్బతీసిన యంత్రం కూడా మార్కెట్టు దెబ్బకు అతీతం కాలేదు.

9.4 ఇంటి యంత్రంపై నేర్చుకోవడం

1980, 1990 దశకాలలో కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాలు చిన్న దుకాణాలకు, ఇళ్ళకు చేరాయి. క్షారం స్థానంలో నీరు వచ్చింది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థాన్ని జర్మనీలో 1924లో తొలిసారి తయారు చేశారు. నీటిలో కరిగే పొరలను నేడు దానితోనే చేస్తున్నారు. ఇలాంటి యంత్రం మీకు అందుబాటులో ఉంటే ఈ కింది విధంగా చేసి చూడండి.

గుడ్డలా కనిపించే కరిగే పొరను రెండు మడతలుగా తీసుకుని ఫ్రేములో డోలు చర్మంలా బిగించండి. పలచని ప్లాస్టిక్ కాగితం వంటి పొర సూది పోట్లకు చిరిగిపోతుంది. కొత్త సూది వేయండి. లేసు రెండు వైపులా కనిపిస్తుంది కనుక పైన ఏ దారమో బాబిన్‌లోనూ అదే దారం వాడండి. ఈ పనికోసమే తయారుచేసిన డిజైను ఎంచుకోండి.

చాలామంది తొలిసారి తప్పు చేసేది ఈ చివరి విషయంలోనే. గుడ్డ కోసం చేసిన గులాబీ డిజైను కరిగే పొర మీద కూడా అందంగానే కుట్టుకుంటుంది. నీటిలో వేయగానే మాత్రం రేకులు విడిపోయి దారపు ఉండ మిగులుతుంది. ఆ గులాబీలోని కుట్లు గుడ్డను పట్టుకున్నాయే కాని ఒకదానినొకటి పట్టుకోలేదు. లేసు డిజైనులో ముందుగా సన్నని కుట్లతో వల తయారవుతుంది. ఆ వల మీదుగా దట్టమైన కుట్లు సాగి అంచులను కలుపుతాయి. కాబట్టి కడిగే ముందు ఫ్రేమును వెలుతురుకు ఎత్తి చూడండి. ఏ భాగమైనా పక్క భాగాన్ని తాకకుండా ఉంటే అది ఊడిపోతుంది.

తరువాత అదనపు పొరను కత్తిరించి, గోరువెచ్చని నీటిలో ముంచండి. పూర్తిగా కడిగితే లేసు మెత్తబడుతుంది. కొంచెం జిగురు మిగిల్చితే గంజి పెట్టినట్లు నిలుస్తుంది. చదునుగా పరిచి ఆరబెట్టండి.

9.5 నరసాపురం : ఆధారంగా మారిన స్త్రీలు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతపు లేసు దీనికి భిన్నమైనది. 19వ శతాబ్దంలో స్కాట్లాండుకు చెందిన మెక్రే దంపతులు, ఇతర మిషనరీలు ఇక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. తరువాత కాపు కుటుంబాల స్త్రీలు కూడా ఈ పనిలోకి వచ్చారు. ఇది క్రోషా అల్లిక. ఒక కొక్కెపు సూది, ఒకే దారం. గుడ్డ లేదు, కరిగించవలసిన పొర కూడా లేదు. ప్రతి ముడి అంతకు ముందరి ముడిని పట్టుకుని పుడుతుంది.

1970 దశకం చివర ఈ ప్రాంతంలో పరిశోధన చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్, 1982లో ‘ద లేస్‌మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ గ్రంథాన్ని ప్రచురించారు. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, దానిని అల్లే స్త్రీలను శ్రామికులుగా కాక, తీరిక వేళలో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్కించారని ఆమె చూపారు. తీరిక వేళ పని అనుకోవడం వల్ల కూలీ కనీస వేతనం కంటే చాలా తక్కువగా ఉండేది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది మరొకరు, లాభం తీసుకునేది వ్యాపారి. వ్యాపారం మొత్తం ఎవరి శ్రమ మీద నిలిచిందో, లెక్కల్లో వారే కనిపించలేదు. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ గుర్తింపు అల్లేవారి కూలీ వరకు చేరుతుందా అన్నది చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసిన ప్రశ్న.

9.6 లేసును ఆధారంగా చదవడం

మీ ఇంట్లో ఉన్న ఒక లేసు ముక్కను భూతద్దంతో చూడండి. ఒకే దారం గొలుసులుగా సాగుతూ, కొస లాగితే ఊడుతున్నట్లుంటే అది క్రోషా. రెండు దారాలు కలిసి అటూ ఇటూ దట్టంగా కుట్టినట్లుండి, అంచుల్లో నూగు కనిపిస్తే అది యంత్రపు రసాయన లేసు కావచ్చు. కాజా కుట్టు వరుసలు కనిపిస్తే అది సూది లేసు. ఈ తేడా తెలిస్తే యంత్ర లేసును చేతి పని ధరకు కొనరు, చేతి పనిని యంత్ర లేసు ధరకు బేరమాడరు. ఆ ముక్క వెనుక ఎన్ని గంటల శ్రమ ఉందో కూడా అంచనాకు వస్తుంది.

9.7 సారాంశం

వెనిస్‌లో కత్తి, సెయింట్ గాలెన్‌లో క్షారం, నేటి ఇంట్లో నీరు – ఆధారాన్ని తొలగించే సాధనం మారుతూ వచ్చింది, సూత్రం మారలేదు. లేసు పూర్తయ్యాక ఆధారం కంటికి కనిపించదు. కనిపించనంత మాత్రాన అది లేకుండా లేసు పుట్టిందని అనుకోరాదు. శ్రమ చరిత్రను చదివేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘గాలిలో కుట్టు’ పద్ధతిలో ఆధారాన్ని ఎలా తొలగించేవారు?
2. రసాయన లేసులో పట్టు గుడ్డ, నూలు దారం ఎందుకు వాడారు?
3. నరసాపురం లేసు శ్రామికులను ‘గృహిణులు’గా లెక్కించడం వారి కూలీపై ఎలాంటి ప్రభావం చూపింది? మీ ప్రాంతంలో ఇంటి వద్ద చేసే ఏదైనా ఒక పనితో పోల్చి రాయండి.