డోర్నకల్ స్తంభాలు

డ్రాయింగు మేష్టారుగా పనిచేసినన్నాళ్లూ పిల్లల్ని చర్చి గీయమంటే అందరిదీ ఒకే బొమ్మ: సూదిమొన శిఖరం, కోసుగా ఉన్న కిటికీలు, కొసన శిలువ. అప్పుడు వాళ్లకు డోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్ ఫొటో చూపించేవాణ్ణి. “ఇది మసీదా సార్, గుడా?” అనేవారు. చూసినవాళ్లు అలా అడగాలనే బిషప్ అజరయ్య దాన్ని అలా కట్టించారని నా నమ్మకం.

అజరయ్యగారిది తిరునెల్వేలి సీమ. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లోనే స్థిరపడ్డారు.

ఆ రోజుల్లో ఈ నేలమీద పెద్ద చర్చి అంటే మెదక్. కరువు కాలంలో మెథడిస్టు మిషనరీ పోస్నెట్ దొర పేదలకు పనీ తిండీ చూపిస్తూ లేపిన కట్టడం అది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. దాని రంగు అద్దాల కిటికీల ముందు నేనూ చాలాసేపు నిలబడిపోయాను. కానీ అది ఓడెక్కి వచ్చిన అందం.

1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కథెడ్రల్ తీరు వేరు. బయట గుమ్మటాలు, మినార్లు. లోపల మన గుళ్లలో కనిపించే పద్ధతిలో రాతి స్తంభాలు. ఈ రెంటినీ కలపడం మాటలు కాదు. గుడి స్తంభం దూలాన్ని మోయడానికి పుట్టింది. గుమ్మటానికి కమాను కావాలి. ఒకటి బరువును నిలువుగా దించుతుంది, రెండోది పక్కలకు తోస్తుంది. పైపై అలంకారంగా నాలుగు మినార్లు తగిలిస్తే ఈ పొత్తు కుదరదు. హిందువులు, ముస్లిములు పక్కపక్కనే బతికే ఊళ్లలో, వాళ్ల కళ్లకు అలవాటైన రూపాలతోనే క్రీస్తు ఆరాధనకు చోటు కట్టాలనుకున్న మనిషికే ఆ ఓపిక ఉంటుంది.

కట్టడం ఒక్కటే కాదు. తెలుగు కీర్తనలకు, భజనకు, కోలాటానికి ఆయన ఆరాధనలో చోటిచ్చారు. ఆయన బిషప్‌గా ఉన్న ప్రాంతపు (డయాసిస్) పల్లెల్లో ఆడవాళ్లు పొయ్యిమీద ఎసరు పెట్టేటప్పుడే పిడికెడు బియ్యం దేవుడికని తీసి కుండలో వేసేవారు. డోర్నకల్‌ను తలచుకుంటే నాకు రాయి కంటే ముందు ఆ పిడికెడు బియ్యమే గుర్తొస్తుంది.

సంఘాల ఐక్యత కోసం పాటుపడిన అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. మెథడిస్టుల మెదక్, ఆంగ్లికన్ల డోర్నకల్ రెండూ అందులోనే కలిశాయి.