కాలువ కట్టిన నెలలు: గోదావరి డెల్టాలో మంచినీరు, మురుగు, జబ్బులు (1925–1968)

గోదావరి డెల్టాలో మంచినీళ్ల చెరువును నింపేది వాన కాదు, కాలువ. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లు మళ్లాయి. కాకినాడ, సామర్లకోట, అమలాపురం, గన్నవరం, నరసాపురం, ఉండి, అత్తిలి, ఏలూరు కాలువలూ వాటి బోదెలూ ఊరూరికీ చేరాయి. సార్వా పండించింది, పడవలు నడిపింది, గేదెల్ని కడిగింది, బిందెలోకి వచ్చింది ఆ ఒక్క నీరే. ఏటా వేసవిలో పూడిక తీతకూ లాకుల మరమ్మతులకూ ‘కాలవ కట్టేస్తారు’. అంతకుముందే తూములెత్తి చెరువులు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లో కాలువ వదిలేదాకా ఊరికి ఆ చెరువే దిక్కు. నరసాపురం, మొగల్తూరు, కాట్రేనికోన లాంటి తీరపు ప్రాంతాల్లో బావి తవ్వినా పడేది ఉప్పునీరే. 1925లో కృష్ణా నుంచి విడిపోయి పశ్చిమ గోదావరి ఏర్పడి, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరిగా పేరు మార్చుకున్న నాటి నుంచి నాలుగు దశాబ్దాల ప్రజారోగ్య చరిత్రను నడిపింది ఆరోగ్యశాఖ చట్టాలు కావు, ఈ కాలువ క్యాలెండరే.

నీటిపారుదలకూ జబ్బులకూ సంబంధం గురించి చరిత్రకారుల్లో పాతుకుపోయిన వాదన వేరు. ఇరా క్లైన్ 1973లో ‘జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్’లో ప్రచురించిన ‘డెత్ ఇన్ ఇండియా, 1871–1921’ వ్యాసం దానికి మూలం. రైలు కట్టలూ కాలువలూ సహజమైన నీటి పారుదలను అడ్డగించాయనీ, నిలిచిన నీటిలో దోమలు పెరిగి మలేరియా విజృంభించిందనీ, వలస పాలన తెచ్చిన అభివృద్ధే మరణాలను పెంచిందనీ దాని సారం. బెంగాల్‌కూ గంగా మైదానానికీ ఈ మాట చాలావరకు సరిపోవచ్చు. చిక్కల్లా దాన్ని దేశమంతటికీ అచ్చుగా వాడటంలోనే ఉంది. ఆ అచ్చు గోదావరి జిల్లాల్లో ఎందుకు పగిలిపోతుందో చూడటానికి జిల్లా పటం చాలు. మలేరియా పీడించింది కాలువలున్న పల్లపు భూముల్ని కాదు. కాలువ ఊసే లేని రంప, పోలవరం, భద్రాచలం ఏజెన్సీని. మన్యం జ్వరమంటే మైదానపు ఉద్యోగులు బదిలీ మానిపించుకునేవారు. కొండవాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌కు డెల్టా బురదనీటితో పని లేదు. ఒక్కో జాతి దోమకు ఒక్కో నీరు. ‘నిలిచిన నీరు’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే జరిగే పొరపాటు ఇదే.

క్లైన్ వాదనకు ఆధారమైన మరణాల లెక్కలూ గట్టివి కావు. మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల రిజిస్టరు పల్లెల్లో మునసబు చేతిలో ఉండేది. చనిపోయిన మనిషిని వైద్యుడు చూసిన సందర్భాలు అరుదు. ఇంటివాళ్లు చెప్పినదే కారణం, మునసబు రాసినదే లెక్క. ఒళ్లు కాలి పోయిన ప్రతి మనిషీ ‘జ్వరం’ గడిలోకి చేరేవాడు: టైఫాయిడ్, బాలింత జ్వరం, న్యుమోనియా అన్నీ అందులోనే. ఆ గడిని మలేరియాకు మారుపేరుగా చదవడం సాహసం. కలరా గడి సంగతి అలా కాదు. వాంతులు, భేదులు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం, పక్కింట్లో మరొకరు పడిపోవడం – దీన్ని పోల్చుకోవడానికి డిగ్రీ అక్కరలేదు. పైగా కలరా వచ్చిందని వెంటనే కబురు పంపాల్సిన బాధ్యత గ్రామాధికారిదే. కాబట్టి డెల్టా ఆరోగ్యానికి నమ్మదగిన కొలమానం కలరాయే.

మద్రాసు ప్రజారోగ్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన ఎ. జె. హెచ్. రస్సెల్, ఇ. ఆర్. సుందరరాజన్‌తో కలిసి 1928లో కలరాపై వెలువరించిన అధ్యయనం, జబ్బు ఆరేళ్లకోసారి ఉప్పెనలా లేస్తుందన్న లెక్కకు పేరుపడింది. ఆరేళ్ల చక్రం ఉందో లేదో గాని, డెల్టా ఊరికి ప్రతి ఏడూ వచ్చే చక్రం ఒకటి కళ్లెదుటే ఉంది. కాలువ కట్టిన రోజున నిండుగా ఉన్న చెరువు మే నెలకు సగానికి దిగుతుంది. తాగే రేవు, చాకిరేవు, గేదెల రేవు దగ్గరపడి చివరికి ఒకే మడుగవుతాయి. నీరు తగ్గేకొద్దీ వాడే మనుషులు తగ్గరు. పెళ్లిళ్ల కాలం కాబట్టి చుట్టాలతో పెరుగుతారు. ఇక రెండో గండం జూన్‌లో. ఎండిన కాలువ గర్భమూ గట్లూ ఆ నెలల్లో ఊరికి బహిర్భూమి. కొత్తనీరు వదిలినప్పుడు ఆ మలినమంతా ముందు వరుసలో కొట్టుకొచ్చి, దాహంతో ఎదురుచూస్తున్న చెరువుల్లోకే చేరుతుంది. ఆ నీటిని చిల్లగింజ అరగదీసో, పటిక తిప్పో తేర్చుకునే అలవాటు ఇళ్లలో ఉండేది. బురద అడుక్కి దిగి నీరు అద్దంలా కనిపించేది. క్రిమి చచ్చేది కాదు. తేరిన నీరే మంచినీరన్న నమ్మకం జబ్బుకు తోడ్పడింది. వేసవి ముదిరాక పోలేరమ్మకో నూకాలమ్మకో జాతర చేసే ఊళ్లు కాలువ క్యాలెండరును శానిటరీ ఇన్‌స్పెక్టరు కంటే బాగా చదివాయనుకోవచ్చు. 1884లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని కలకత్తాలోని ఓ చెరువు నీటిలో పట్టుకున్నాడు. చెరువే కలరా ఇల్లని అప్పుడే తేలినా డెల్టాలో చెరువుకు ప్రత్యామ్నాయం రాలేదు.

ఆరోగ్యశాఖ చేతిలో ఉన్న ఆయుధం బావికి సరిపోయేది, చెరువుకు చాలేది కాదు. చిన్న లెక్క చూస్తే చాలు. రెండు మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో మూడు మీటర్ల నీరుంటే సుమారు 9,400 లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున కలపాలంటే 30 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు 60 గ్రాములు దాటితే చాలు. ఎకరం విస్తీర్ణంలో రెండు మీటర్ల లోతున్న చెరువులో దాదాపు 80 లక్షల లీటర్లుంటాయి. అదే మోతాదుకు పౌడరు అర క్వింటాలుకు పైమాటే. నాచు, ఆకు, పేడ కలిసిన నీరు క్లోరిన్‌ను ముందు తానే తినేస్తుంది కాబట్టి నిజమైన అవసరం ఇంకా ఎన్నో రెట్లు. ఒకసారి వేసి ఊరుకుంటే లాభం లేదు, రోజు విడిచి రోజైనా వేయాలి. పర్మాంగనేటు వేసి నీటిని ఊదారంగుకు తిప్పడం కంటికి కనిపించే పని, అంతే. కలరా టీకాలు మరణాలను కొంత తగ్గించిన మాట నిజమే గాని, చెరువు నీటిని అవి మార్చలేదు.

చట్టానికేం కొదవ లేదు. 1920ల్లో మద్రాసు రాష్ట్రం జిల్లా ఆరోగ్యాధికారుల పథకం పెట్టింది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం నీటి సరఫరా, మురుగు, మరుగుదొడ్లు, దోమలు, అంటురోగాలు, సంతలూ ఉత్సవాలూ అన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. దేశంలో అలాంటి సమగ్ర చట్టం అదే మొదటిది. 1946లో దేశ ఆరోగ్య సేవలపై భోర్ కమిటీ నివేదిక వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆంధ్ర ప్రాంతంలో 1939 చట్టమే అమల్లో ఉంది. కాని చట్టం అధికారమిచ్చింది స్థానిక సంస్థకూ ఆరోగ్యాధికారికీ. చెరువు పంచాయతీది, చెరువులోకి నీరొదిలే తూము ప్రజాపనుల శాఖ (పి.డబ్ల్యు.డి.)ది. చెరువు నిండేదీ లేనిదీ, కొత్తనీటి మొదటి మురికిని వదిలేసి తర్వాతి నీరు పట్టేదీ లేనిదీ తేల్చేది తూము తలుపు దగ్గరున్న లస్కరు. ఆరోగ్యాధికారి నోటీసు పంచాయతీ గుమ్మం దాటి లాకుల దాకా వెళ్లే దారి చట్టంలో లేదు. ఆ లెక్కన డెల్టాలో అసలు ఆరోగ్యాధికారి లస్కరే. కాలువలు ఏటా ఎప్పుడు కట్టారో, ఎప్పుడు వదిలారో చూడకుండా రాసిన ఏ ఆరోగ్య చరిత్రా ఈ జిల్లాలకు సరిపోదు.

అందరికీ ఒకే రేవు లేదన్నది వేరే చెప్పనక్కరలేదు. మంచినీళ్ల చెరువు మెట్లు దిగనివ్వని పేటలు దిగువ గుంటో, కాలువ చివరి బోదో తాగాయి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చినా రేవులు వెంటనే కలవలేదు. పట్టణాల్లో పాకీదొడ్లు ఎత్తిపోసే పనీ ఆ పేటల కులాల మెడకే చుట్టుకుంది. కలరా మొదట ఏ పేటను పట్టిందో అడగడం కంటే ఏ పేటకు ఏ రేవు దక్కిందో అడిగితే జవాబు త్వరగా దొరుకుతుంది.

కలరా కాలువ కట్టిన నెలల జబ్బయితే, బోదకాలు కాలువ పారే నెలల జబ్బు. దాన్ని మోసే క్యూలెక్స్ దోమకు కావలసింది మలేరియా దోమ కోరే తేట నీరు కాదు, పెరటి మురుగు. డెల్టా పల్లం. సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్న ఊళ్లలో మురుగు కదలదు. ఏడాదిలో అధికభాగం నేల నీటితో తడిసే ఉంటుంది కాబట్టి కుడితి గుంటా, నూతి చప్టా కిందిగుంటా ఇంకవు. యనమదుర్రు, తుల్యభాగ లాంటి మురుగు కాలువలు గుర్రపుడెక్కతోనూ పూడికతోనూ మూసుకుపోయాయి. దోమ ఒకసారి కుడితే బోదకాలు రాదు. ఏళ్ల తరబడి కుడుతుంటే ఎప్పటికో కాలు లావెక్కుతుంది. అందుకే ఇది మరణాల రిజిస్టరుకు ఎక్కలేదు. క్లైన్ లాంటివారి కంటికి ఆనకపోవడానికీ అదే కారణం: మరణాన్ని లెక్కించేవాడికి మనిషిని చంపకుండా నలభై ఏళ్లు కుంటించే జబ్బు కనపడదు.

జాతీయ బోదకాలు నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ జబ్బుపై శిక్షణా పరిశోధనా కేంద్రాలు దేశంలో నెలకొన్న కొద్ది చోట్లలో రాజమండ్రి ఒకటి. క్రిమి రాత్రివేళే రక్తంలోకి వస్తుంది కాబట్టి సిబ్బంది లాంతర్లతో ఇల్లిల్లూ తిరిగి వేలికొస రక్తం తీసేవారు. మురుగుపై నూనె చల్లడం, క్రిమి దొరికినవారికి డి.ఇ.సి. మాత్రలివ్వడం అసలు పని. కార్యక్రమం ప్రధానంగా పట్టణాలకే పరిమితమైంది. మునిసిపాలిటీ హద్దు రాయి దగ్గర నూనె చల్లడం ఆగిపోయేది. దోమకు ఆ రాయి తెలియదు.

మురుగు మీద ప్రభుత్వం చివరికి కదిలింది పంట కోసం. ముంపుతో వరి కుళ్లిపోతుంటే 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలువలను పరిశీలించింది. 1968లో కృష్ణా గోదావరి డెల్టా ప్రాంత డ్రెయినేజి సెస్సు చట్టం వచ్చింది. పన్ను పొలం మీద, పని పెద్ద డ్రెయిన్ల మీద. చేలోని నీరు సముద్రానికి పోయే దారి ఖాయమైంది; ఊళ్లో నూతి చప్టా కింది గుంట ఏ ఆయకట్టు లెక్కలోనూ లేదు.